ఎవరి చేతిలో ఆగితే వాళ్ళది

వైండింగమ్మ బ్రేకు తొక్కింది. కాలు ఏ అడ్డూ లేకుండా, మెత్తగా, కింది రేకుదాకా దిగిపోయింది. మళ్ళీ తొక్కింది. మళ్ళీ అంతే. పక్క సీట్లో ఆమె కూతురు పిచ్చుక, బడిగంట కొట్టేస్తారని గొణుగుతోంది. ముందంతా వాలు. వాలు చివర కూడలి. కూడలిలో ఒక లారీ అడ్డంగా, తీరిగ్గా పోతోంది.

ఆమె గేరు కిందికి దించింది. ఇంజను గావుకేక పెట్టింది. ఒక చేత్తో చేతిబ్రేకు పైకి గుంజుతూ, ఇంకో చేత్తో స్టీరింగుని పక్కకి తిప్పేసింది. అక్కడ ఎవరో ఇల్లు కట్టుకుంటూ ఇసుక పోయించుకున్నారు కాబట్టి సరిపోయింది. బండి ఆ కుప్పలో ముక్కు దూర్చి ఆగింది. ఇసుక ఆసామి తిట్టడానికే పరుగెత్తుకొచ్చాడు గానీ, ముందు సీట్లో పిల్లని చూశాక తిట్లు మింగేసి నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

పిచ్చుకకి దెబ్బ తగల్లేదు. ఏడవను కూడా లేదు. "బ్రేకు వెయ్యలేదేంటమ్మా?" అని మాత్రం అడిగింది. వేశానే తల్లీ అంది వైండింగమ్మ. కాసిన్ని నీళ్ళు తాగాక లోపలినుంచి పైకి వచ్చింది మాత్రం భయం కాదు, కోపం. అరికాలి మంట నెత్తికెక్కిందంటారు చూడండి, సరిగ్గా అదే. ఆ మంట ఆ వారమంతా దిగలేదు.

ఆ కోపానికి వెనక పెద్ద కథే ఉంది. ఆ కారు వాళ్ళ నాన్నది. పోయేముందు ఆయన దాన్ని ఎవరో ఒకరికి ఇచ్చేసి ఉంటే పీడా పోయేది. కానీ ముగ్గురు పిల్లలూ నాకు సమానమే అన్నాడు. పెద్దన్న ఒక వారం, చిన్నోడు ఒక వారం, ఇద్దరి మధ్యా పుట్టిన ఆడపిల్ల ఒక వారం వాడుకోవాలి. ఆదివారం అమ్మ ఇంటి ముందు బండి చేతులు మారాలి. ఆయన పెట్టిన నియమం ఒక్కటే: ఎవరి చేతిలో ఆగితే వాళ్ళే బాగుచేయించాలి.

పెద్దాయన ఉద్దేశం మంచిదే, పాపం. బాధ్యత మెడమీద ఉంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుపుతారనుకున్నాడు. కడుపున పుట్టినవాళ్ళ గురించి ఆయనకి తెలిసింది అంతే! ముగ్గురూ నేర్చుకున్నది బండిని బాగుచెయ్యడం కాదు, ఆదివారందాకా ఈడ్చడం. ఏదైనా చప్పుడు వినిపిస్తే, అది తర్వాతివాళ్ళ వారంలో పెద్దదయ్యేలా దేవుడికి మొక్కుకోవడం. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. అప్పగించే రోజున మాత్రం బండిని కడిగి, తుడిచి, అద్దాలు మెరిపించి మరీ ఇచ్చేవాళ్ళు. పైన పటారం, లోన లొటారం.

వైండింగమ్మ తక్కువేం తినలేదు. బ్యాటరీ చచ్చిపోతోందని తెలిసి కూడా, తన మోటార్ల కొట్లో చార్జింగు పెట్టి, స్టార్టవుతుండగానే పెద్దన్నకి అంటగట్టిన ఘనత ఆమెది. మర్నాడు ఆయన నడిరోడ్డుమీద బండి తోసుకుంటూ తిట్టిన తిట్లు తలుచుకుని ఆమె ఎన్నోసార్లు నవ్వుకుంది. కానీ బండి కదలకపోవడం వేరు, ఆగకపోవడం వేరు. కదలని బండి ఎవరి పిల్లనీ చంపదు.

ఆ మధ్యాహ్నమే పెద్దన్నకి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. ఆయన అంతా విని, గొంతు సవరించుకున్నాడు.

"నడపడం రానప్పుడు నెమ్మదిగా పోవాలి. సర్లే, అయ్యిందేదో అయ్యింది. నీ చేతిలో ఆగింది కదా, నాన్న మాట నాన్న మాటే. నా వంతు వచ్చేసరికి బాగుచేయించి ఇవ్వు."

"ఆగడం కాదన్నయ్యా, ఆగలేదు! నా ఏడుపే అది!"

"మాటలకేం తక్కువ లేదు. ముందు బంపరు సంగతి చెప్పు. సొట్ట పడిందా?"

పిల్ల ఎలా ఉందని ఆయన అడగలేదు. అడగలేదు! ఫోన్ పెట్టేశాక ఆమె ఆ ఒక్క ముక్కా పైకి అనుకుంటూ కొట్లో అటూ ఇటూ తిరిగింది. బంపరు ఎలా ఉందని అడిగిన మనిషి మేనకోడలు ఎలా ఉందని అడగలేదు.

బాగుచేయించడం ఎవరి వంతన్నది ఆమెకి అసలు పట్టనే లేదు. ఆమెకి తెలియాల్సింది ఒక్కటే. బ్రేకులు పోతున్నాయని ముందే తెలిసి, తెలిసీ నోరు మూసుకుని, ఆ బండిని తనదాకా పంపినవాళ్ళెవరు? అది తేలేదాకా తిన్నది ఒంటబట్టదని ఆమెకి అర్థమైంది.

ఆమెని అందరూ వైండింగమ్మ అనేది ఆమె చేసే పనిని బట్టి. కాలిపోయిన మోటార్లకి రాగితీగ కొత్తగా చుట్టి బతికించడం ఆమె పని. నీళ్ళ మోటారు తెచ్చినా, ఫ్యాను తెచ్చినా, మిక్సీ తెచ్చినా, తెచ్చినవాళ్ళు చెప్పేది ఒకటే మాట: "మేమేం చెయ్యలేదండీ, దానంతట అదే ఆగిపోయింది." దానంతట అది ఏదీ ఆగదని ఆమెకి తెలుసు. మాడిన తీగ చూస్తే చాలు, నీళ్ళు లేకుండా తిప్పారో, చేతకాని చేతులు పెట్టారో చెప్పేస్తుంది. అందుకే బండిని ఇసుకలోంచి లాగించి, వేరే షెడ్డుకి పంపకుండా, తన కొట్టు ముందే నిలబెట్టించింది. నాలుగు కొట్లవతల ఉండే కార్ల మెకానిక్కుని సాయం పిలిచింది. అతన్ని బజారంతా వాగుడుకాయ అంటుంది. ఎందుకంటుందో అతను బానెట్ ఎత్తిన నిమిషంలోనే తెలిసిపోతుంది.

"అమ్మా, రేడియేటర్‌లో మిరియాల పొడి!" అన్నాడు మూత తీసి వాసన చూసి. "చిల్లు పడితే ఇది పోస్తారు. అందులో ఇరుక్కుని నాలుగు రోజులు కారకుండా ఆపుతుంది. బండికి జలుబు చేసిందనుకుని మీ వదినగారు కషాయం పట్టించారేమో!"

రేడియేటర్ ఫ్యాను ఎప్పుడో పనిచెయ్యడం మానేసింది. దానికి బ్యాటరీనుంచి నేరుగా తీగ లాగి, స్టీరింగు కింద ఇంటిగోడకి పెట్టే లైటు స్విచ్చి ఒకటి బిగించి ఉంది. పెట్రోలు ట్యాంకు చెమ్మగిల్లేచోట ఒంటిసబ్బు రుద్దారు. అది కూడా మంచి వాసన సబ్బే. బ్యాటరీ క్లాంపు వదులైతే బిగించే ఓపిక లేక మధ్యలో రేకుముక్క దోపారు. సైలెన్సరు పగిలినచోట డబ్బారేకు చుట్టి తీగతో కట్టారు. ఒక్కొక్కటే బయటపడుతుంటే వాగుడుకాయ పడీ పడీ నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు. ఏ వెధవపని ఎవరిదో ఆమె చూడగానే పోల్చుకుంది. రేకులూ సబ్బులూ మిరియాలూ అన్నీ పెద్దన్నవే.

"ఇది కారు కాదమ్మా, మీ ఇంటి గుట్టు."

"నోరు మూసుకుని జాకీ పెట్టు."

చక్రాలు పైకి లేపి ఆమె బండి కిందికి దూరింది. మూడు చక్రాల లోపలివైపు మట్టీ గ్రీజూ కలిసి గడ్డకట్టుకుపోయి ఉంది. వెనక ఎడమ చక్రం లోపలివైపు మాత్రం అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు శుభ్రంగా ఉంది. ఆమె అక్కడే వెల్లకిలా పడుకుని ఆ శుభ్రాన్ని చాలాసేపు చూసింది. ఈ ఇంట్లో చక్రం లోపలివైపు కడిగే మనిషి పుట్టలేదు.

ఆ చక్రం బ్రేకు డ్రమ్ము విప్పారు. లోపల బ్రేకు సిలిండరు రబ్బరు చిరిగి ఉంది. లైనింగు బ్రేకాయిలులో నాని ముద్దయిపోయింది. ఆ పాత బండిలో నాలుగు చక్రాల బ్రేకులకీ ఒకే ఆయిలు, ఒకే దారి. ఒక్కచోట కారిందంటే నాలుగింటికీ నీళ్ళొదులుకున్నట్టే. ఆమె లేచి, ఇంజను పక్కనున్న బ్రేకాయిలు డబ్బా మూత తీసి చూసింది. ఏళ్ళ తరబడి మార్చని ఆయిలు నల్లగా ఉండాలి. అడుగున మిగిలిన కాస్తా తేటగా, కొత్తగా ఉంది.

"పోస్తూ వచ్చారు," అంది ఆమె. "కారుతోందని తెలిసి రోజూ కొత్తది పోశారు. కిందికి కారింది కనిపించకుండా రోజూ తుడిచారు."

వాగుడుకాయ నవ్వు ఆపేశాడు. చేతిలో రెంచి పక్కన పెట్టేసి, గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు. అప్పటిదాకా నవ్వినందుకు సిగ్గుపడ్డట్టున్నాడు.

సాయంత్రం చిన్నోడు పరుగు పరుగున వచ్చాడు. వస్తూనే పిచ్చుకని గుండెలకి హత్తుకుని బావురుమన్నాడు. "పిల్లకేం కాలేదుగా అక్కా? నిజం చెప్పు, ఏం కాలేదుగా?" అని పదిసార్లు అడిగాడు. పెద్దన్న అడగని మాట వీడు అడిగేసరికి వైండింగమ్మకి కూడా కళ్ళు చెమ్మగిల్లాయి. చంకనేసుకుని పెంచిన తమ్ముడు. ఆ పొద్దున బండి తెచ్చి ఇచ్చింది కూడా వీడే. తన వారం ఇంకా రెండు రోజులుండగానే తెల్లారేసరికి గుమ్మంలో బండి ఆపి, "నాకేం పనిలేదక్కా, వాన వచ్చేలా ఉంది, పిచ్చుకని బడికి కార్లో దింపు," అన్నాడు. ఆ మాటకే ఆమెకి కడుపు నిండిపోయింది. బడి వేళకి పిల్లని తనే సీట్లో కూర్చోబెట్టి మరీ వెళ్ళాడు.

ఆమె వాడికి శుభ్రంగా ఉన్న చక్రం చూపించింది. తేటగా ఉన్న ఆయిలు చూపించింది. వాడు వంగి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"నా దగ్గరున్నది నాలుగైదు రోజులేగా అక్కా. అంతకు ముందు వారమంతా ఎవరి దగ్గరుంది? అన్నయ్య సంగతి నీకు తెలీనిదా?"

తెలీకేం, బాగా తెలుసు. ఆమె అనుకుంటున్న మాటే తమ్ముడి నోట వచ్చేసరికి ఇక అనుమానానికి చోటు లేకుండా పోయింది. "వాడి చేతిలో నువ్వూ చచ్చేవాడివేరా," అంది తమ్ముడి భుజం నిమురుతూ. వాడు తల దించుకుని వెళ్ళిపోయాడు.

తన వంతు వారమంతా ఆమె మోటార్లు పక్కనపెట్టి బండిమీదే కూర్చుంది. కొత్త సిలిండరు, కొత్త లైనింగు, ట్యాంకుకి మాటు, రేడియేటర్‌కి అతుకు. ఆఖరున బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తియ్యాలి. వాగుడుకాయ సీట్లో కూర్చున్నాడు. ఆమె చక్రం దగ్గర చిన్న గొట్టం తగిలించి, దాని కొస సీసాలో ముంచింది.

"తొక్కు!"

"తొక్కాను."

"అలాగే పట్టు!" నట్టు కాస్త వదులు చేస్తే, గొట్టంలో గాలిబుడగలు బుడబుడమంటూ పోయేవి. నట్టు బిగించి, "ఇప్పుడు వదులు," అనేది. మళ్ళీ తొక్కు, మళ్ళీ పట్టు. నాలుగు చక్రాలకీ అలా చేస్తూ పోయేసరికి నడుం పడిపోయింది. నట్టు బిగించిన ప్రతిసారీ ఆమె మనసులో పెద్దన్నని ఒక మాట అంటూనే ఉంది. ఆయన పుట్టిన వేళని తిట్టింది, ఆయన మిరియాలని తిట్టింది, ఆయన నాన్న మాటని తిట్టింది. చివరికి పెడలు మీద కాలు పెడితే రాయిమీద పెట్టినట్టుంది.

"బాగయిందని ఎవరికీ చెప్పకు," అంది వాగుడుకాయతో.

"నేనా? నేను చెప్పడమేంటమ్మా!"

"నీ సంగతి నాకు తెలుసు కాబట్టే చెప్తున్నా. చెప్పావో, నీ కంప్రెసర్ మోటారు ఈసారి కాలితే నా గుమ్మం తొక్కకు."

తన వంతు ముగిసిన ఆదివారం ఆమె పిచ్చుకని వెంటబెట్టుకుని, బండిని తానే నడుపుకుంటూ అమ్మ ఇంటికి వెళ్ళింది. పెద్దన్న గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. వచ్చిందే తడవు బంపరు దగ్గర వంగి వేలితో రాసి చూశాడు. చిన్నోడు అరుగుమీద కూర్చుని చెప్పుల వార్లు సరిచేసుకుంటున్నాడు. అమ్మ చేతిలో పాత కళ్ళజోడు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏం చేయించావు?" అన్నాడు పెద్దన్న.

"ఏముందన్నయ్యా, కాస్త ఆయిలు పోశాను. బాగానే పట్టుకుంటోంది."

"అంతేగా! ఇంత చిన్నదానికి అంత రాద్ధాంతం చేశావు." ఆయన తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

వైండింగమ్మ ఇచ్చింది. ఇచ్చి, ఆయన ముఖంమీంచి కళ్ళు తిప్పలేదు. వారమంతా ఆమె ఎదురుచూసింది ఈ నిమిషం కోసమే. చక్రం దగ్గర ఆయిలు కారుతుందని తెలిసిన మనిషి, ఆయిలు పొయ్యడం తప్ప ఇంకేమీ చెయ్యలేదని విన్నాక ఆ సీట్లో ఎలా కూర్చుంటాడో చూడాలి. తడబడతాడు. వంక చెబుతాడు. కనీసం వంగి వెనక ఎడమ చక్రంకేసి ఒక్కసారి చూస్తాడు. అప్పుడు ఆయన్ని ఏమేం అనాలో ఆమె మాటలన్నీ సిద్ధం చేసుకుని ఉంది.

పెద్దన్న వంగలేదు, తడబడలేదు. తలుపు తీసి దర్జాగా కూర్చుని, సీటు వెనక్కి జరుపుకుని, "రా అమ్మా, కళ్ళజోడు కొట్టు దగ్గర దింపేస్తా," అన్నాడు. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పక్క సీట్లో సర్దుకుంది. ఇంజను స్టార్టయింది. ఆ ఇంటిముందు వీధి కిందికి బాగా వాలుగా ఉంటుంది. చివర పెద్దరోడ్డు.

వైండింగమ్మకి అయోమయంగా అనిపించింది. తెలిసినవాడు ఇలా కూర్చోడు. కన్నతల్లిని పక్కన కూర్చోబెట్టుకుని అసలే కూర్చోడు. మరి?

"అన్నయ్యా, ఆగు!" చిన్నోడు ఒక్క చెప్పుతోనే అరుగుమీంచి దూకి బండికి అడ్డం పడ్డాడు. "అమ్మా, దిగు! దిగమ్మా! దాంట్లో బ్రేకుల్లేవు!"

పెద్దన్న ఇంజను ఆపేశాడు.

"ఎవరు చెప్పార్రా?" అంది వైండింగమ్మ. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"అదే... నువ్వే కదా ఆ రోజు చక్రం చూపించి..."

"చూపించాను. ఇవాళ బాగానే పట్టుకుంటోందని కూడా చెప్పాను. లేవని నీకెవరు చెప్పారు?"

వాడు బానెట్ మీద చేతులు ఆనించి నిలబడ్డాడు. అన్నకేసి చూశాడు, అమ్మకేసి చూశాడు, తప్పించుకునే దారి ఎటూ కనపడలేదు.

"ఆయిలు పోసినా మళ్ళీ కారిపోతుందక్కా. రోజూ పోశాను, నాకు తెలుసు. రానురాను పొద్దునా సాయంత్రం పొయ్యాల్సి వచ్చింది. నీకైతే ఈ పనులన్నీ వచ్చు కదా, చూడగానే కనిపెట్టేస్తావనుకున్నా."

"కనిపెట్టేదాన్నే. కనిపించకుండా తుడిచావుగా! ఒక్క మాట చెప్పడానికి నీకేం నోరు పడిపోయింది?"

"చెబితే నా చేతిలో ఆగినట్టేగా," అన్నాడు చిన్నోడు.

పెద్దన్న తాళంచెవి లాగి కిందికి దిగాడు. ఆయన నోట నాన్న మాట రాకపోవడం అదే మొదటిసారి. వైండింగమ్మకి ఆయన్ని చూస్తే జాలి కూడా వేసింది గానీ, జాలిపడే తీరిక లేదు. వారమంతా ఆయనకి పెట్టిన శాపనార్థాలన్నీ ఇప్పుడు గొంతులో అడ్డంపడ్డాయి. చంకనేసుకుని పెంచిన వాడిమీదికి అవి మళ్ళడం లేదు.

అమ్మ నెమ్మదిగా బండి దిగింది. "పోనీలేవే," అంది కూతురి చెయ్యి పట్టుకుని. "ఎవరికీ ఏమీ కాలేదు కదా. చిన్నవాడు, తెలీక చేశాడు. తోడబుట్టినవాడు, వదిలెయ్యి."

"తెలీక కాదమ్మా, తెలిసే చేశాడు!" చెయ్యి విదిలించుకుంది వైండింగమ్మ. "బ్రేకులు బాగుచేశాను, నీకేం భయం లేదు. కానీ బాగుచేశానని వాడికి తెలీదు. తెలీదు కాబట్టే నువ్వెక్కితే ప్రాణం లేచొచ్చినట్టు అరిచి అడ్డం పడ్డాడు. ఆ పొద్దున నా బిడ్డ ఎక్కింది. అరిచాడా? అడ్డం పడ్డాడా? వానొస్తుంది, కార్లో దింపు అన్నాడు! ఏమీ కాలేదనకు. నాకు తమ్ముడు పోయాడు, అది చాలదా?"

"అక్కా, అలా అనకక్కా. పిచ్చుకంటే నాకు ప్రాణం. నీకు తెలుసు కదా!"

పిచ్చుక అప్పటిదాకా అరుగు పక్కన నిలబడి వింటోంది. ఎవరూ దాన్ని లోపలికి పంపాలని అనుకోలేదు. అది మామయ్య దగ్గరికి వచ్చి, ముఖంలోకి చూస్తూ, బళ్ళో పాఠంలో అనుమానం అడిగినట్టే అడిగింది.

"అందుకేనా మామయ్యా, ఎప్పుడూ పెట్టనివాడివి ఆ రోజు నాకు నువ్వే సీటుబెల్టు పెట్టి, గట్టిగా ఉందా లేదా అని లాగి లాగి చూశావు?"

చిన్నోడు పిల్ల ముఖంమీంచి చూపు తిప్పుకున్నాడు. వైండింగమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని, బండికేసి గానీ వాడికేసి గానీ చూడకుండా, ఎండలో వాలు దిగి ఇంటికి నడక మొదలుపెట్టింది. అమ్మ వెనకనుంచి పేరు పెట్టి పిలుస్తూనే ఉంది.